అయిదేళ్ళకు మాటొచ్చిన తాత

పెద్దపంజాణి,
14-6-1993.

గంగాధరన్నకు, చెల్లెలు అమరావతి దండం పెట్టి రాసేది.

ఈడ మేమంతా బాగుండాము. నువ్వు, వదిన, భరత్ బాగుండారనే అనుకుంటాండాను. బాగలేకపోయినా నువ్వు రాయవు, అది నాకు తెలుసు. చిన్నప్పుడు కాల్లో మేకు దిగితే మూడు దినాలు గమ్మున కుంటుకుంటా తిరిగినోడివి.

పట్టుపురుగులు ఈసారి బాగొచ్చినాయి. గూడు కట్టేదానికి ఇంగ నాలుగు దినాలుండాది. మల్బరీ ఆకు కోసుకోని రావల్ల, తట్టల్లో ఎయ్యల్ల, మళ్ళ కోయల్ల, ఇదే పని. పురుగుల ఇంట్లోకి కొత్తగా ఎవురొచ్చినా గడప దాటంగానే పైకప్పు పక్క సూస్తారు. "వానేమన్నా మొదలయిందా?" అని అడుగుతారు. వేల పురుగులు ఒకేసారి ఆకు నమిల్తే అంత సద్దు. మా ఇంటాయన, వెంకటేశులు మామ, నవ్వుతాడు, నిజంగా వానొచ్చినా బాగుండునే అని.

నిన్నొకటి అడగల్ల. నీరజకు వచ్చే నెలకు మూడేండ్లు నిండుతాయి. ఇంకా 'అమ్మా' అనలేదు. ఏడుస్తాది, నవ్వుతాది, చెయ్యి పట్టుకోని లాక్కపోయి కావల్సింది సూపిస్తాది. మాట మాత్రం లేదు. ఎదురింటామె దాని చెవుల గురించి ఏందో అనింది. నేను కొట్లాడినాను. పుంగనూరు బస్సు మలుపు తిరిగితే అందరికన్నా ముందు వాకిట్లోకి ఉరికేది ఇదే. చెవులు లేకపోతే అట్ల యాల ఉరుకుతాది?

ఎవురినడగల్నో నాకు తెలీదన్నా. నేను ఏడో తరగతి, నువ్వు సైన్సు అయ్యవారివి. డాక్టరు తావకు తీసకపోదునా? నువ్వు రమ్మంటే వస్తాను, ఉండమంటే ఉంటాను. వదినకు మాత్రం చెప్పద్దు. పుట్టిన పొద్దే భరత్‌కు ఇస్తామని మాటనుకుంటిమి కదా, ఏమన్నా అనుకుంటాదేమో.

నీ చెల్లెలు,
అమరావతి.

—

మదనపల్లె,
22-6-1993.

చి.ల.సౌ. అమరావతికి, మీ అన్న గంగాధరం ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. మన ఆదెప్ప తాత సంగతి మరచిపోయావా? ఆయనకు అయిదేళ్ళు నిండేదాకా మాట రాలేదని అమ్మ ఎన్నిసార్లు చెప్పలేదు! ఆ తరువాత ఆయన నోరు మూయించడం పంచాయతీ పెద్దల వల్ల కూడా కాలేదు. నీరజ ఆ తాతకు ఒకవైపు సొంత మనవరాలు, ఇంకోవైపు మునిమనవరాలు. తాత పోలిక రాకపోతేనే ఆశ్చర్యపడాలి. వెంకటేశులు మామకు నిన్నిచ్చి చేసేటప్పుడు నేను అన్నదీ అదే. అమ్మ తమ్ముడు, మన రక్తం, కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమీ ఉండదని.

బస్సు చప్పుడుకు పరుగెత్తే పిల్లకు చెవుల్లో లోపం ఎలా ఉంటుంది? నువ్వే ప్రశ్న అడిగి నువ్వే జవాబు చెప్పావు. వస కొమ్ము అరగదీసి, తేనెలో కలిపి నాలుకకు రాయి. ఆ మాత్రానికి డాక్టర్ల వెంట తిరగనక్కరలేదు.

ఇక్కడ టమోటా ధర పడిపోయి, బుట్టలు మార్కెట్టు బయట రోడ్డు మీదనే కుమ్మరించి వెళుతున్నారు. బడికి నడవాలంటే జారుతోంది. భరత్ ఆరో తరగతిలో లెక్కల్లో మొదట వచ్చాడు.

ఎదురింటివాళ్ళ మాటలు పట్టించుకోకు. తెలియకపోతే నన్ను అడుగు, తెలియనివాళ్ళను అడగకు.

ఆశీస్సులతో,
గంగాధరం.

—

పెద్దపంజాణి,
9-3-1994.

అన్నకు, అమరావతి రాసేది.

నువ్వు ఊరు చేరినట్టు కార్డు ముక్క కూడా రాయలేదు. బస్సులో ఏమన్నా అయిందేమోనని దిగులు పడినాను. సోమవారం సంతలో మీ బడి అటెండరు కనిపించి, నువ్వు దినమూ బడికి వస్తాండావని చెప్పినాడు.

నీరజకు కుట్టిన చెవులు మానినాయి. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించల్ల అని మూడేండ్లు నీకోసమే ఆపితిమి. ఆచారి సూది దించినప్పుడు అది ఏడ్సిన ఏడుపుకు ఊరంతా కదిలొచ్చింది. గొంతు ఇంత బాగుండాది, మాట రాకుండా యాడికి పోతాది అని అందురూ అనిరి. నాకు కడుపు నిండింది.

ఒకటి అడుగుతాను, కోప్పడద్దు. అందురూ పోయినాక నువ్వు పాప ఎనకాల నిలబడి చిటికెలేసినావు. తర్వాత చెంబు మీద గరిటెతో కొట్టినావు, రెండు తూర్లు. నేను వంటింట్లో నుంచి సూస్తానే ఉండాను. ఆడిస్తాండావని అనుకున్నాను. మళ్ళ నీ మొగం అట్ల యాలయింది? ఓళిగలు చేసి పెట్టింటే తినకుండా, బస్సుకు టైమయిందని లేసినావు. ఆ బస్సు ఇంగ గంటకు గాని లేదు. నువ్వు రోడ్డు మీద ఎండలో నిలబడి ఉండావని మామ వచ్చి చెప్పినాడు.

నాకు తెలీనిది నీకేమన్నా తెలిసుంటే చెప్పన్నా. ఏమయినా తట్టుకుంటాను.

అమరావతి.

—

కుప్పం,
2-5-1994.

చి.ల.సౌ. అమరావతికి, గంగాధరం ఆశీస్సులు.

బదిలీ మీద కుప్పం వచ్చాను. సామాన్ల సర్దుడులో జవాబు ఆలస్యమయింది. ఆ రోజు తలనొప్పిగా ఉండి తినలేదు, అంతకుమించి ఏమీ లేదు. చిటికెలు వేసింది పిల్లను ఆడించడానికే. నువ్వు ప్రతిదానికీ అర్థం వెతకడం మానుకో.

ఇక్కడ తాత చెల్లెలు రమణమ్మవ్వ ఇల్లు మా బడికి నాలుగు వీధుల అవతలే. వెళ్ళి చూసి వచ్చాను. చూపు మందగించింది, జ్ఞాపకం కూడా అంతంతమాత్రమే. ఒకదానికొకటి కలిపి ఏదేదో చెబుతుంది. అంత దూరం వచ్చి ఆమెను చూడాల్సిన పనిలేదు, నీ నమస్కారాలు నేను చెప్పాను.

నీరజకు ఆరేళ్ళు నిండనీ. తాతకు అయిదయితే ఈమెకు ఆరు కావచ్చు. భరత్ సంబంధం మాట ఇప్పటినుంచీ పదిమందిలో అనవద్దు. పిల్లలు చదువుకోవాలి, కాలం మారింది.

గంగాధరం.

—

పెద్దపంజాణి,
18-7-1996.

అన్నకు,

నీరజకు ఆరు నిండినాయి. ఆరో పుట్టినపొద్దు తెల్లార్తో లేసి దాని పక్కనే కూర్చున్నాను, ఈ పొద్దేమన్నా అంటాదేమోనని. నువ్వు రాసింది వేదవాక్కు కదా నాకు.

బడిలో ఏసినాము. పిలిస్తే పలకదని అయ్యవారు బెత్తంతో కొట్టినాడు. మొండిది అన్నాడు. నేను ఆయప్పను ఏమీ అనలేకపోయినాను. యాలంటే నేను కూడా కొట్టినానన్నా. గొడ్లకాడ నుంచి పది తూర్లు పిలిస్తే రాలేదు, ముంగల నిలబడి చెంప మీద కొడితే నన్ను అట్లనే సూసింది. యాల కొట్టినావని అడిగేదానికి కూడా దానికి నోరు లేదు.

తాతకు అయిదు. దీనికి ఆరు. ఇంగెంత? తెలీకపోతే తెలీదని రాయి, నేను ఇంకొకరిని అడుక్కుంటాను.

అమరావతి.

—

పెద్దపంజాణి,
4-10-1998.

గంగాధరం గారికి,

అన్నా అని రాయబోయి కొట్టేసినాను. పోయిన ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు, నీరజకు బొమ్మల పుస్తకం పంపినావు. అది చిరిగిపోయేదాకా సూసింది.

పోయిన నెల గూళ్ళు బేరం చేసేదానికి ఇద్దరు వచ్చినారు. గడప దాటి, ఇద్దరూ ఒకేసారి కప్పు పక్క సూసినారు. నీరజ ఆకు తట్ట పట్టుకోని ఉండాది. అది కూడా పైకి సూసింది. మళ్ళ వాళ్ళ మొగాలు సూసింది. మళ్ళ పైకి. అక్కడ ఏముందో దానికి తెలీదు. ఎనిమిదేండ్లుగా వచ్చినోళ్ళంతా పైకి సూస్తాంటే సూస్తానే ఉండాది, యాల సూస్తారో దానికి తెలీదు. ఆ సద్దు దానికి లేదు.

వాళ్ళు పోయినాక దాన్ని మంచం మీద నిలబెట్టి ఎనకాల నుంచి పిలిచినాను. తిరగలేదు. బిందె మీద రాయితో కొట్టినాను. తిరగలేదు. కిందికి దించి నేల మీద నిలబెట్టి, కాలితో నేలను గట్టిగా తన్నినాను. చటుక్కున తిరిగి నవ్వింది. బస్సు మలుపు తిరిగితే మా వాకిలి అదురుతాది అన్నా. బిడ్డ అన్నేండ్లూ విన్నది కాళ్ళతో. బస్సుకు ఉరుకుతాదని నేను రాస్తిని, చెవులు బాగుండాయని నువ్వు రాస్తివి. ఇద్దరమూ కూడబలుక్కోని దాన్ని చంపినాము.

అయినా మనసు ఒప్పలేదు. తాతకు అయిదేండ్లకు ఏ మందుతో మాటొచ్చిందో కనుక్కుందామని కుప్పం పోయినాను, రమణమ్మవ్వ తావకు. ఆమెకు చూపు లేదు గాని జ్ఞాపకం నీకన్నా నాకన్నా బాగుండాది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాండాను.

"ఆదెప్పకు మాట ఆలస్యమేందే? వాడు ఏడాదికే వసపిట్ట. మాట రానోడు మా పెద్దన్న తిమ్మప్ప. పద్నాలుగేండ్లు బతికినాడు, ఒక్క మాట అనలేదు. ఎనక బండి వస్తాంటే జరగమని అరిస్తే వినపళ్ళేదు, ఎద్దులు తొక్కి చచ్చిపోయినాడు. ఇంట్లో మూగోడు పుట్టినాడంటే ఆదెప్పకు పిల్లనియ్యరని మా అమ్మ ఊరూరా చెప్పుకునింది, మాట ఆలస్యమయింది ఆదెప్పకే, అయిదేండ్లకు వచ్చేసిందని. తిమ్మప్ప పేరు ఎత్తినోళ్ళను కొట్టేది."

నేను గోడకానుకోని కూర్చున్నాను. ఆమె ఇంకో మాట అనింది. "మీ అన్న నాలుగేండ్ల కింద వచ్చి ఇదే అడిగిపాయె కదే. అంతా చెప్పినాను. నీకు చెప్పలేదా?"

అక్కడనుంచి నీ ఇంటి వీధి కొసదాకా వచ్చినాను. నీ వాకిట్లో ముగ్గు కనపడింది. వెనక్కి తిరిగి బస్సెక్కినాను.

నాకు అయిదేండ్లు పట్టింది నీకు ఒక్క చిటికెకే తెలిసిపాయె. నాకు తెలీదని నేను ఎంతమందిని అడిగినా సిగ్గుపడలేదు. నువ్వు తెలుసుకోని నా దగ్గర దాచిపెట్టినావు. యాల?

నీరజను డాక్టరుకు సూపిచ్చేదానికి బెంగళూరుకు పోతాండాము.

అమరావతి.

—

కుప్పం,
15-10-1998.

అమరావతికి,

నీ ఉత్తరంలోని భాష చూసి బాధ కలిగింది. అనుమానం వేరు, తెలియడం వేరు. నేను డాక్టరును కాను. ఒక ముసలావిడ చెప్పింది పట్టుకుని చెల్లెలి కాపురంలో నిప్పు పెట్టాలా? వెంకటేశులు మామతో పెళ్ళి నేనే ముందు నిలబడి చేయించాను. 'నీ కూతురికి మాట రాదు, ఇది మన ఇంటి రక్తంలోనే ఉంది' అని నా చేత్తోనే నీకు రాయాలా? నీ సంతోషం కోసమే ఊరుకున్నాను. ఎంతకాలం ఆశ ఉంటే అంతకాలం మంచిదనుకున్నాను.

భరత్ ఇంజనీరింగు చదవాలనుకుంటున్నాడు. మాట రాని పిల్లను కోడలిగా తెచ్చుకోమని నువ్వయినా నన్ను అడగలేవు. ఆ మాట ఇంతటితో మరచిపో. దానికోసమే ఇదంతా తవ్వుతున్నావని మీ వదిన అంటోంది, నేను ఆ మాట అనను.

ఇక ముందు ఈ ధోరణిలో రాస్తే నీ ఉత్తరాలు విప్పను.

గంగాధరం.

—

పెద్దపంజాణి,
21-3-1999.

అన్నకు,

విప్పనన్నావు. విప్పల్ల. ఇది తిట్టేదానికి కాదు, నాకు తిట్టే ఓపిక కూడా అయిపోయింది.

బెంగళూరులో డాక్టరమ్మ మూడు దినాలు పరీక్షలు చేసింది. పుట్టినప్పటినుంచీ వినపడదంట. రెండేండ్లకో మూడేండ్లకో తెచ్చింటే చెవికి మిషను పెట్టి మాట నేర్పిచ్చేదానికి శానా వీలుండె అనింది. ఇప్పుడు మిషను పెట్టినా, సద్దు తెలుస్తాది గాని మాట రావడం కష్టమంట. నేను ఏడ్సలేదు. లెక్కబెట్టుకున్నాను. నీకు రాసిన మొదటి ఉత్తరానికి దానికి మూడు నిండలేదు.

తిరపతిలో చెవిటి పిలకాయల బడిలో చేర్పిస్తాండాము. చేతులతో మాట్లాడేది నేర్పిస్తారంట. నేను కూడా నేర్చుకుంటాను.

ఇంగొక సంగతి, దీనికోసమే రాస్తాండాను. డాక్టరమ్మ మా ఇద్దరి వంశమూ కాగితం మీద గీసింది. తిమ్మప్ప పేరు చెప్పంగానే కలం ఆపి అడిగింది. ఆ లోపం కనపడకుండా దాగి ఉంటాదంట, ఆ ఇంటోళ్ళు ఆ ఇంటోళ్ళనే చేసుకుంటే రెండు పక్కల నుంచీ కలిసి బిడ్డకు వస్తాదంట. అట్లని నా పెండ్లి తప్పని నేను అనేదిలే, అది అయిపోయింది. భరత్‌కు సంబంధం సూసేటప్పుడు మాత్రం ఆదెప్ప తాత వంశం పక్క సూడద్దు. మేనరికమని, మనోళ్ళని ఎవురు చెప్పినా వద్దు. వాడు నా మేనల్లుడు. వాడి బిడ్డకు ఈ గతి రాకూడదు.

నీకు చెప్పల్సింది చెప్పినాను. దాచుకోలేదు.

అమరావతి.

—

కుప్పం,
30-4-2005.

అమరావతికి, వెంకటేశులు మామకు,

శుభలేఖ జతచేశాను. భరత్ వివాహం మన కృష్ణప్ప మామ మనవరాలు కీర్తనతో మే 18న పలమనేరులో. కృష్ణప్ప మామ కూడా ఆదెప్ప తాత కొడుకే కనుక, ఎంతయినా మనవాళ్ళు, తాత ఇంటి పిల్ల. మనలో మనకు జరిగినవి మరచి మీరు రావాలని కోరుతున్నాను. నీరజను కూడా తీసుకురండి.

గంగాధరం.

—

కుప్పం,
11-2-2008.

అమరావతీ,

ఫోను చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తావని తెలిసి రాస్తున్నాను. పెళ్ళికి మీరు రాలేదు. మనవడు దినేష్ పుట్టినప్పుడు కబురు పంపినా రాలేదు. రాకపోతే పోనీలే అని నేనూ అనుకున్నాను.

దినేష్‌కు నిరుటి నవంబరుకే ఏడాదిన్నర నిండింది. పిలిస్తే తిరగడు. కీర్తన తల్లి 'మగపిల్లలు ఆలస్యంగా మాట్లాడతారు, కీర్తన ముత్తాత ఆదెప్పకు అయిదేళ్ళకు వచ్చింది' అన్నది. నా ఎదుటే అన్నది. అందరూ నావైపు చూశారు, అయ్యవారు చెబుతారని. నేను లేచి పెరట్లోకి వెళ్ళాను.

ఆ రోజు ట్రంకు పెట్టె తీశాను. తొంభై తొమ్మిదిలో నువ్వు రాసిన ఉత్తరం అందులో ఉంది. అప్పుడు విప్పలేదు. తిట్లు రాశావనుకున్నాను. తిట్లు తిట్టించుకోవడానికి సగం సిద్ధపడి కూడా, నా చేత్తో విప్పలేకపోయాను. తొమ్మిదేళ్ళు అంచు చింపకుండా ఉంది. ఇప్పుడు చదివాను. ఆ పెళ్ళి నేనే కుదిర్చాను అమ్మా. నీరజ వరకే అనుకున్నాను. తిమ్మప్ప సంగతి నాకు తెలుసు, కానీ అది ఎలా వస్తుందో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా నాకు తెలియలేదు.

ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పాలో, ముందు ఏం చేయాలో, ఎక్కడికి తీసుకెళ్ళాలో నాకు తెలియదు. నువ్వు చెప్పు.

అన్న,
గంగాధరం.

—

పెద్దపంజాణి,
14-2-2008.

అన్నా,

నీ ఉత్తరం ఈ పొద్దు పదిన్నరకు వచ్చింది. ఒంటిగంట బస్సుకు నీరజ ఈ జవాబు తీసుకోని బయలుదేరుతాండాది. పోస్టుకు ఏస్తే మూడు దినాలు పోతాయి, ఆ మూడు దినాలు కూడా ఇంగ మనం పోగొట్టేదానికి లేదు.

ముందు ఈ పని చెయ్యి. బిడ్డను మంచం మీద నిలబెట్టు, నేల మీద కాదు. నీ నీడ, నీ గాలి తగలకుండా ఎనకాల నుంచి పిలువు. భరత్‌నూ కీర్తననూ పక్కన నిలబెట్టుకోనే చెయ్యి, ఒంటిగా చేసి చూసుకోని దాచిపెట్టుకుంటావు నువ్వు. తిరగకపోతే మర్నాడే బెంగళూరు. డాక్టరమ్మ పేరు, అడ్రసు, నంబరు వేరే కాగితంలో రాసినాను. తిమ్మప్ప పేరు చెప్పండి, దాచద్దండి. నీరజ పాత పరీక్షల కాగితాలన్నీ దాని సంచిలో ఉండాయి. వస రుద్దద్దు. ఏడాదిన్నర దాటిందంతే. నీరజకు పోయిన టైము వాడికి ఇంగా మిగిలుండాది.

నేను ఇదంతా నీకు ఊరికే చెబుతాండానని అనుకోవద్దు. ఆ శుభలేఖ వచ్చిన పొద్దు కృష్ణప్ప మామ పేరు రెండు తూర్లు చదువుకున్నాను. తొంభై తొమ్మిదిలో రాసింది నువ్వు చదివే ఇట్ల చేస్తాండావనుకున్నాను. చెప్పినాక కూడా వినకపోతే నీ కర్మ అనుకున్నాను. నిజంగా చదివినావా అని ఒక కార్డు ముక్క రాసి అడిగుంటే సరిపోయేది. పలమనేరు ఎంత దూరం, గంట ప్రయాణం, వచ్చి మంటపంలో నిలబడి అరిచుండచ్చు. అరవలేదు. పద్దెనిమిదో తేదీ ముహూర్తం టైముకు నేను పురుగులకు ఆకు ఏస్తాండాను. నీకు తగిన శాస్తి అని ఒక మూల అనుకున్నాను కూడా. తెలిసి గమ్మునుండేది నీ ఒక్కడి జబ్బే అనుకుంటిని. అది కూడా ఆ ఇంటి రక్తమే. ఆ బిడ్డ దగ్గర నీకెంత బాకీ ఉండాదో నాకూ అంతే ఉండాది.

నీరజకు పద్దెనిమిదేండ్లు వస్తాండాయి. చదువుతాది, రాస్తాది, మనిషి మొగం సూసి సగం మాట పట్టుకుంటాది. పురుగులు దాని చేతిలో ఒక్కటి చావదు. తట్ట కింద అరచెయ్యి పెట్టి, అవి నమిలే అదురు సూసి ఎప్పుడు గూటికొస్తాయో చెబుతాది. దినేష్‌తో చేతులతో మాట్లాడేది మొదటి దినం నుంచే అదే మొదలుపెడతాది, నేను చెప్పినాను. కీర్తన ఏడుస్తాంటే ఏడ్వనీండి. పాపాన్ని ఆ పిల్ల మీద ఎయ్యనీవద్దు.

నీ ఉత్తరం నీరజ కూడా చదివింది. నేను దాచలేదు. చదివి, కాగితం మీద ఒక ప్రశ్న రాసి నా ముందర పెట్టింది. "చెవులు కుట్టిన పొద్దే మామకు తెలిసింది కదా. మరి యాల చెప్పలేదు?" అని.

నాకు తెలీదని రాసిచ్చినాను. నీకు తెలుసు. అది నీ ఎదురుగా వచ్చి కూర్చుంటాది. దాని మొగం సూసి, మెల్లగా, పెదవులు కనపడేట్టు చెప్పు.

అమరావతి.